ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ వైరింగ్: లోపం ప్యాడ్‌లోనా, కేబుల్‌లోనా?

లయప్రియ, మల్కాజిగిరి

అందరికీ నమస్కారం. మేము అపార్టుమెంటులో ఉంటాము. కింది ఇంటివారికి ఇబ్బంది కలగకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకొని సాధన చేసుకోవచ్చునన్న ఉద్దేశంతో, ఒకరు వాడిన ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌ను కొన్నాను. మెష్ తొడిగిన స్నేర్ ప్యాడ్, మూడు రబ్బరు టామ్ ప్యాడ్లు, కిక్, హైహ్యాట్, క్రాష్, రైడ్ అనే సింబల్ (తాళం) ప్యాడ్లు ఉన్నాయి. క్రాష్ మినహా మిగిలినవన్నీ ఒకే లావుపాటి కేబుల్ గుత్తి ద్వారా మాడ్యూల్‌కు, అంటే శబ్దాలు వినిపించే పెట్టెకు వెళతాయి. గుత్తికి మాడ్యూల్ వైపు 25 పిన్నుల కనెక్టరు, ప్యాడ్ల వైపు విడివిడి ప్లగ్గులు ఉన్నాయి.

ఇబ్బందులు నాలుగు. స్నేర్ మధ్యలో కొడితే బాగానే పలుకుతుంది గానీ, అంచు మీద కొడితే ఒకసారి పలికి ఒకసారి పలకదు. ప్లగ్గు దగ్గర వైరును కాస్త పైకెత్తి పట్టుకుంటే పలుకుతుంది. రెండవ టామ్ బొత్తిగా మూగబోయింది. మూడవ టామ్‌ను గట్టిగా కొట్టినప్పుడు, ఎవరూ ముట్టుకోకుండానే రైడ్ సన్నగా మోగుతోంది. ఇక క్రాష్‌కు పాత కేబుల్ తెగిపోయి ఉండడంతో దుకాణంలో అడిగి కొత్తది తెచ్చి తగిలించాను. అప్పటినుంచి క్రాష్ శబ్దం పూర్తిగా సాగకుండా, మొదలైన మరుక్షణమే ఎవరో చేత్తో పట్టుకొని ఆపినట్లు తెగిపోతోంది.

మరమ్మతు చేసే ఒకరికి చూపిస్తే, మాడ్యూల్ లోపలి బోర్డు మార్చాలని చెప్పి, నేను కిట్‌కు పెట్టిన ధరలో సగానికి దగ్గరగా ఖర్చు చెప్పారు. ఇంట్లో స్విచ్చులు, ఫ్యాను కెపాసిటరు మార్చుకోవడం నాకు వచ్చు, మల్టీమీటరు ఉంది. సోల్డరింగ్ మాత్రం ఎప్పుడూ చేయలేదు. బోర్డు మార్పించే ముందు నేను స్వయంగా పరీక్షించుకోగలిగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పగలరు.


పాతరేడియో

లయప్రియ గారూ, మీరు చెప్పిన నాలుగు లక్షణాలలో ఒక్కటి కూడా బోర్డు వైపు వేలు చూపించడం లేదు. వైరు పైకెత్తితే పలికే ప్యాడ్‌కు బోర్డు మార్చమనడం, కుళాయి వాషరు పోతే ఓవర్‌హెడ్ ట్యాంకు మార్చమన్నట్లుంది. మాడ్యూల్‌ను అనుమానించడం అన్నిటికంటే చివరి మెట్టు. అంతవరకు దాని స్క్రూలు విప్పకండి.

ముందుగా ప్యాడ్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే పరీక్ష సులువవుతుంది. ప్రతి ప్యాడ్ కింద పీజో బిళ్ళ ఒకటి అతికించి ఉంటుంది: పలుచని ఇత్తడి రేకు, దాని మీద తెల్లటి పింగాణీ పొర, ఆ పొర పైన వెండి పూత. దెబ్బకు ఆ పింగాణీ కంపించినప్పుడు అదే కొద్దిపాటి వోల్టేజీని పుట్టిస్తుంది, బయటినుంచి విద్యుత్తు అక్కరలేదు. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాలలో గమనించిన గుణం ఇదే. దెబ్బ ఎంత గట్టిదైతే వోల్టేజీ అంత ఎక్కువ. మాడ్యూల్ దానిని కొలిచి, తగిన స్థాయిలో నమోదు చేసి ఉంచిన శబ్దాన్ని వినిపిస్తుంది. అందువల్ల ప్యాడ్‌కూ మాడ్యూల్‌కూ మధ్య ఉన్నది కేవలం రెండు మూడు సన్నని వైర్లే, తెగిపోయేవి కూడా సాధారణంగా అవే.

ఇప్పుడు ప్లగ్గును చూడండి. స్టీరియో ప్లగ్గు మీద రెండు నల్లని గీతలు ఉంటాయి, అవి దానిని మూడు భాగాలు చేస్తాయి. కొన భాగం ప్యాడ్ మధ్యలో కొట్టిన దెబ్బను, నడుమ భాగం అంచు సంకేతాన్ని తీసుకువెళతాయి. వెనుక ఉన్న పొడవైన భాగం రెండింటికీ ఉమ్మడి గ్రౌండు. మోనో ప్లగ్గుకు ఒకే గీత ఉంటుంది, నడుమ భాగం ఉండదు. మీ క్రాష్ సంగతి ఇక్కడే తేలిపోతుందని నా అనుమానం. అలాంటి సింబల్ ప్యాడ్లలో చాలావాటికి అంచున పొర స్విచ్చు ఉంటుంది. అంచును చేత్తో నొక్కిపట్టినప్పుడు నడుమ భాగం గ్రౌండుకు కలిసి, మాడ్యూల్ శబ్దాన్ని ఆపివేస్తుంది. మోనో ప్లగ్గు పెడితే సాకెట్టులోని నడుమ భాగం ఎప్పుడూ గ్రౌండుకే తగులుతూ ఉంటుంది కనుక, అంచును ఎవరో నిరంతరం పట్టుకొని ఉన్నట్లే మాడ్యూల్ భావిస్తుంది. మన దుకాణాలలో కేబుల్ అనగానే చేతికి ఇచ్చేది గిటారుకు వాడే మోనో కేబులే. గీతలు లెక్కపెట్టి చూడండి.

రెండవ టామ్‌కు మార్పిడి పరీక్ష చాలు. బాగా పలికే మొదటి టామ్ ప్లగ్గును తీసి రెండవ టామ్‌కు పెట్టండి. పలికితే ప్యాడ్ మంచిదే, లోపం కేబుల్‌లో ఉంది. పలకకపోతే లోపం ప్యాడ్‌లో ఉంది. తరువాత రెండవ టామ్ ప్లగ్గును మొదటి టామ్‌కు పెట్టి అదే తీర్పును రెండవ వైపునుంచి కూడా నిర్ధారించుకోండి. ఒక్కొక్కసారి రెండూ పోయి ఉంటాయి.

స్నేర్ ప్లగ్గుకు మల్టీమీటరును బీప్ వచ్చే కంటిన్యూటీ స్థానంలో పెట్టి, ఒక మొనను ప్లగ్గు నడుమ భాగానికి తాకించి, రెండవ మొనతో 25 పిన్నులను ఒక్కొక్కటిగా తాకుతూ పోండి. బీప్ వచ్చిన పిన్ను దగ్గర ఆగి, ఇంకొకరిని ప్లగ్గు వెనుక వైరును అటూ ఇటూ వంచమనండి. బీప్ తెగుతూ వస్తూ ఉంటే లోపల వైరు పోగులు తెగినట్లే. ఏ పిన్ను ఏ ప్లగ్గుదో కాగితం మీద రాసుకుంటే కంపెనీ పటం అవసరం లేకుండానే మీ కిట్ వైరింగ్ పటం మీకు వచ్చేస్తుంది. ఆ కనెక్టరుకు రెండు వైపులా ఉండే స్క్రూలు పూర్తిగా బిగించి ఉన్నాయో లేదో కూడా చూడండి. అది వదులైతే మాత్రం సాధారణంగా ఒక్క ప్యాడ్ కాదు, కొన్ని ప్యాడ్లు కలిసి పోతాయి.

మూడవ టామ్ కొడితే రైడ్ మోగడానికి కారణం వైర్లలో ఉందా, స్టాండులో ఉందా తేల్చడానికి, రైడ్ ప్లగ్గును ప్యాడ్ వైపు ఊడదీసి టామ్‌ను గట్టిగా కొట్టండి. రైడ్ ఇంకా మోగితే విద్యుత్ దోషం. మోగడం ఆగితే కడ్డీల ద్వారా కంపనం పాకుతోందని అర్థం.


ఎడమచేతి డ్రమ్మర్

పాతరేడియో గారి వివరణ బాగుంది గానీ, మల్టీమీటరు పట్టుకొనే ముందు సెట్టింగులు చూడాలని నా అభిప్రాయం. ఇది ఒకరు వాడిన కిట్. పాత యజమాని తన చేతి బరువుకు తగినట్లు సెన్సిటివిటీ (దెబ్బకు ఎంతగా స్పందించాలి), త్రెషోల్డ్ (ఎంతకంటే మెల్లని దెబ్బను వదిలేయాలి) మార్చుకొని ఉండవచ్చు. రెండవ టామ్ వాల్యూమును సున్నాకు తెచ్చి ఉన్నా ఆశ్చర్యం లేదు. ప్యాడ్ కొట్టినప్పుడు మాడ్యూల్ తెర మీద స్పందన గుర్తు కదులుతుందేమో గమనించండి. లేదా యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపి మిడీ సంకేతాలు, అంటే ఏ ప్యాడ్ కొట్టారో తెలిపే అంకెలు, వస్తున్నాయేమో చూడండి. జనరల్ మిడీ పద్ధతిలో కిక్‌కు 36, స్నేర్‌కు 38, క్రాష్‌కు 49, రైడ్‌కు 51 అంకెలు ఉంటాయి. టామ్‌ల అంకెలు కిట్‌ను బట్టి మారవచ్చు. అంకె వస్తూ శబ్దం రాకపోతే అది వైరింగ్ లోపం కాదు. మొదట ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడడమే మేలు. పాత కిట్ అమరికలు కావాలనుకుంటే ముందే దాచుకోండి.

రైడ్ విషయంలో నేను వైర్ల జోలికి పోను. మూడవ టామ్, రైడ్ ఒకే నిలువు కడ్డీకి బిగించి ఉంటే ఇది తరచుగా జరిగేదే. క్లాంపులు బిగించి, అప్పటికీ తగ్గకపోతే రైడ్ త్రెషోల్డ్‌ను ఒక మెట్టు పెంచండి. ఎక్కువ పెంచితే మెల్లగా వాయించే దెబ్బలు పలకవు, అది మరొక తలనొప్పి.


పాతరేడియో

రీసెట్ చేసి చూడడానికి అభ్యంతరం లేదు. అయితే వైరును ఎత్తితే వచ్చి దించితే పోయే స్నేర్ అంచును ఏ సెట్టింగూ బాగుచేయలేదు. టామ్‌కు మీ పద్ధతి, స్నేర్‌కు నా పద్ధతి అనుకుందాం.


లయప్రియ

ఇద్దరికీ ధన్యవాదాలు. రీసెట్ చేసినా మార్పు రాలేదు. మార్పిడి పరీక్షలో, మొదటి టామ్ కేబుల్ పెట్టినా రెండవ టామ్ పలకలేదు. దాని కేబుల్ పెడితే మొదటి టామ్ చక్కగా పలికింది. కనుక లోపం ప్యాడ్‌లోనే. వెనుక స్క్రూలు విప్పి చూస్తే, పీజో బిళ్ళ తెల్లని భాగం మీదినుంచి ఎర్ర వైరు ఊడి, కొనలో చిన్న టంకం బొట్టుతో సహా గాలిలో వేలాడుతోంది. ఇత్తడి అంచుకు నల్ల వైరు గట్టిగానే ఉంది. బిళ్ళ పగిలినట్లు కనిపించడం లేదు.

స్నేర్ ప్లగ్గు కొన, గ్రౌండు భాగాలకు బీప్ నిలకడగా వస్తోంది. నడుమ భాగానికి మాత్రం, వైరు ప్లగ్గులోకి దూరే చోట వంచగానే తెగిపోతోంది. ప్లగ్గు అచ్చుపోసిన రబ్బరుది, విప్పడానికి వీలు లేదు. క్రాష్ కేబుల్‌కు నిజంగానే ఒక్క గీతే ఉంది. రైడ్ ప్లగ్గు తీసి టామ్ కొడితే మోత ఆగింది.

ఇప్పుడు నాకు మిగిలింది సోల్డరింగే. పీజో బిళ్ళ వేడికి పాడవుతుందని విన్నాను. మొదటిసారి చేసేవారు ఈ పని పెట్టుకోవచ్చునా?


మేళం సామాను

లయప్రియ గారూ, నేను పెళ్ళి ఆర్కెస్ట్రాల సామాను, చర్చి బృందాల కిట్లు బాగుచేస్తుంటాను. మాఘమాసం పెళ్ళిళ్ళు ముగిశాక నా బల్ల మీదికి వచ్చే కిట్లలో ఎక్కువ భాగం మీరు చెప్పిన ఈ రెండు లోపాలతోనే వస్తాయి, ఎందుకంటే అర్ధరాత్రి సామాను సర్దే తొందరలో ప్లగ్గును పట్టుకొని లాగకుండా వైరును పట్టుకొని లాగుతారు. మొదటిసారి అయినా మీరు చేసుకోగలరు, కాకపోతే ముందు స్నేర్ ప్లగ్గు చేసి చెయ్యి కుదిరాక పీజో పట్టండి. ప్లగ్గులో పొరపాటు జరిగితే మళ్ళీ కోసి వేసుకోవచ్చు. పీజో అంత ఓర్పు చూపదు.

సామగ్రికి కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళండి. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగితే దగ్గర. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 (తగరం, సీసం పాళ్ళు) సన్నని సోల్డర్ వైరు, టంకం బాగా పట్టడానికి కొద్దిగా ఫ్లక్స్, వేడికి ముడుచుకొని అతుకును కప్పే ష్రింక్ స్లీవు రెండు మూడు కొలతలవి, విప్పడానికి వీలైన లోహపు స్టీరియో ప్లగ్గు తీసుకోండి. ప్లగ్గు 6.35 మిల్లీమీటర్లది, అంటే పావు అంగుళానిది. హెడ్‌ఫోనుకు వాడే 3.5 మిల్లీమీటర్లది ఇవ్వబోతారు, చూసుకోండి. పీజో బిళ్ళలు కూడా అక్కడే పదుల రూపాయలకు దొరుకుతాయి. మీ బిళ్ళ అడ్డుకొలతను ముందే కొలిచి, 27 మిల్లీమీటర్లది గానీ 35 మిల్లీమీటర్లది గానీ ఏది సరిపోతే అది రెండు అదనంగా తెచ్చుకుంటే చెయ్యి వణకదు. క్రాష్‌కు రెండు కొనలలోనూ రెండేసి గీతలు ఉన్న కేబుల్ అడగండి.

స్నేర్ ప్లగ్గును రబ్బరుకు ఆనించి కోయకండి. రెండు మూడు అంగుళాల వైరు ప్లగ్గుకే మిగిలేలా కోయండి. ఎందుకంటే ఏ రంగు వైరు కొనకు వెళుతుందో, ఏది నడుమకు వెళుతుందో కంపెనీని బట్టి మారుతుంది. ఆ కోసిన ముక్క మీకు సాక్ష్యంగా పనికొస్తుంది. ముక్కలోని వైర్ల చర్మం తీసి, మీటరుతో ప్లగ్గు కొనకు ఏ రంగు బీప్ ఇస్తుందో చూడండి. చుట్టూ అల్లినట్లు ఉండే పోగులు గ్రౌండు. మిగిలిన రంగు నడుమది, తెగినది అదే కనుక బీప్ ఇవ్వకపోయినా కంగారు పడనవసరం లేదు.

వైర్లను అతికించే ముందు ప్లగ్గు మూతను, ష్రింక్ స్లీవును కేబుల్‌లోకి దూర్చారా లేదా చూసుకోండి. ఇది మరిచిపోని సోల్డరింగ్ మనిషి ఈ భూమి మీద లేడు, గుర్తు వచ్చేసరికి అతుకు అందంగా పూర్తయి ఉంటుంది. కొత్త ప్లగ్గు లోపల కేబుల్‌ను పట్టి ఉంచే కొక్కెం ఉన్న పొడవాటి రేకు గ్రౌండుది. మిగిలిన రెండు చిన్న రేకులలో ఏది కొనకు, ఏది నడుమకు వెళుతుందో మళ్ళీ మీటరుతోనే తేల్చుకోండి, చూపును నమ్మవద్దు. వైరు కొనకు ముందుగా కొద్దిగా టంకం పట్టించి, రేకుకూ పట్టించి, ఆపైన రెండింటినీ కలిపి వేడిచేయండి. టంకాన్ని ఐరన్ మొనకు కాదు, వేడెక్కిన రేకుకు తాకించాలి. అది కరిగి తడిలా పాకి, చల్లారాక నున్నగా మెరిస్తే అతుకు మంచిది; బూడిద రంగులో గరుకుగా ముద్దకట్టి ఉంటే మళ్ళీ చేయండి. చివరగా కొక్కేన్ని కేబుల్ పైతొడుగు మీదికి నొక్కండి. ఇకమీదట లాగుడు బరువును ఆ కొక్కెం మోస్తుంది, అతుకు మోయదు.

పీజో విషయానికి వస్తే, మీరు విన్నది నిజమే. పింగాణీ అతిగా వేడెక్కితే తన గుణాన్ని కోల్పోతుంది, పైనున్న వెండి పూత టంకంతో పాటు లేచిపోతుంది. ఆ పూతను గరుకు కాగితంతోనో కత్తితోనో గీకకండి. పాత అతుకు ఉన్న చోటే చిటికెడు ఫ్లక్స్ రాసి, వైరు కొనకు టంకం పట్టించి సిద్ధంగా ఉంచి, దానిని అక్కడ ఆనించి ఐరన్ మొనను ఒకటి రెండు సెకన్లు తాకించి తీసేయండి. ఒక్క తాకుడుకు పట్టుకోకపోతే బిళ్ళ చల్లారేదాకా ఆగి మళ్ళీ ప్రయత్నించాలే గానీ అలాగే నొక్కి ఉంచకూడదు. టంకం బొట్టు తెల్లని భాగం దాటి ఇత్తడి మీదికి పొర్లితే రెండు వైపులూ కలిసిపోయి ప్యాడ్ మళ్ళీ మూగబోతుంది. బొట్టు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఎత్తుగా ఉంటే పైనున్న స్పాంజి దాని మీద కూర్చొని దెబ్బ సరిగా అందదు.

ప్యాడ్ మూసే ముందు మీటరును వోల్టుల స్థానంలో పెట్టి, మొనలను రెండు వైర్లకు తాకించి, బిళ్ళను వేలితో తట్టండి. అంకెలు కదిలితే ప్రాణం ఉన్నట్లే. మీ మీటరులో కెపాసిటెన్సు కొలిచే వీలుంటే, 27 మిల్లీమీటర్ల బిళ్ళ సుమారు 20 నానోఫారాడ్లకు అటూ ఇటూ చూపుతుంది. దాదాపు సున్నా చూపితే అతుకు గానీ పింగాణీ గానీ పోయినట్లు. ఆ తరువాత వైర్లకు కొంచెం వదులు ఉంచి, జాకుకు వెళ్ళే దారిలో ప్యాడ్ గోడకు టేపుతో అంటించండి. మీ ఎర్ర వైరు ఊడడానికి కారణం, అది బిగుతుగా ఉండి ప్రతి దెబ్బకూ అతుకు దగ్గరే ఊగడం కావచ్చు.

సోల్డరు వైరులో సీసం ఉంటుంది. కిటికీ తెరిచి చేయండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లలు ఉంటే ఆ ముక్కలు నేల మీద వదలకండి.


సికింద్రాబాద్ శ్రోత

వాడిన కిట్ అన్నారు కనుక అడాప్టరు గురించి ఒక మాట. అది మొదటినుంచి కిట్‌తో వచ్చినదేనా, మధ్యలో ఎవరైనా మార్చినదా చూసుకోండి. రోలాండ్ వారి అడాప్టర్లలో ప్లగ్గు మధ్య భాగం సాధారణంగా నెగటివ్, యమహా డ్రమ్ మాడ్యూళ్ళ అడాప్టర్లలో పాజిటివ్. వోల్టేజీ సరిపోయినా ధ్రువాలు తిరగబడితే మీకు చెప్పిన బోర్డు ఖర్చు నిజమయ్యే ప్రమాదం ఉంది. మాడ్యూల్ వెనుక ముద్రించిన గుర్తు, అడాప్టరు మీది గుర్తు ఒకటేనా సరిపోల్చండి. ప్యాడ్ల వైర్లలో షాకు భయం లేదు గానీ, అడాప్టరు లోపల ఉన్నది 230 వోల్టులు. దానిని విప్పి బాగుచేసే ఆలోచన వద్దు.


లయప్రియ

అడాప్టరు గుర్తులు సరిపోయాయి. గుజరాతీ గల్లీలో అన్నీ దొరికాయి. స్నేర్ అంచు ఇప్పుడు వైరును ఎటు వంచినా పలుకుతోంది. టామ్ పీజో రెండవ తాకుడుకు పట్టుకుంది; అయితే మిగిలిన రెండు టామ్‌ల కంటే కొంచెం మెల్లగా పలుకుతోంది. రెండు గీతల కేబుల్ పెట్టగానే క్రాష్ పూర్తిగా సాగి మోగుతోంది, అంచు పట్టుకుంటేనే ఆగుతోంది. రైడ్ క్లాంపు బిగించి త్రెషోల్డ్ ఒక మెట్టు పెంచితే మోత పోయింది. టామ్ శబ్దం తగ్గడానికి నా సోల్డరింగే కారణమా?


మేళం సామాను

కావచ్చు, వేడికి కొంత శక్తి తగ్గి ఉండవచ్చు. లేదా స్పాంజి తిరిగి సరిగ్గా కూర్చోకపోయి ఉండవచ్చు. ముందు ప్యాడ్ తెరిచి స్పాంజి బిళ్ళను ఆనుకొని ఉందో లేదో చూడండి. అది సరిగానే ఉంటే మాడ్యూల్‌లో ఆ టామ్ సెన్సిటివిటీని కొద్దిగా పెంచి సమం చేసుకోండి. అలా పెంచినా గట్టి దెబ్బకూ మెల్లని దెబ్బకూ తేడా తెలియకపోతేనే అదనంగా తెచ్చుకున్న బిళ్ళ వేయండి.


పాతరేడియో

కేబుల్ గుత్తిని కడ్డీలకు నైలాన్ టైలతో బిగించి ఉంటే వాటిని కోసి, వెల్క్రో పట్టీలు వేయండి. ప్రతి ప్లగ్గు దగ్గర అరచేయంత వదులు ఉండాలి. హైహ్యాట్ వైరుకు ఇంకొంచెం ఎక్కువ వదలండి, కాలు నొక్కినప్పుడల్లా కదిలేది అదొక్కటే.